నడిస్తే నష్టం!

1987లో అమెరికాలో బ్యూక్ కంపెనీ జీఎన్‌ఎక్స్ అనే కార్లను 547 మాత్రమే చేసి వదిలింది.

అన్నీ నలుపే. టర్బో ఇంజిను. కాగితం మీద 276 గుర్రాల బలం. ఉన్నచోటి నుంచి ఉరకడంలో ఆనాటి కార్వెట్ స్పోర్ట్స్ కారు కూడా దీని వెనకే.

ఇంత వేగమున్న బండిని కొన్నవాళ్లలో చాలామంది ఏం చేశారు?

షెడ్డులో పెట్టి తాళం వేశారు!

ఇప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తోంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే. అద్దానికి ధర కాగితం అలాగే. మీటరు రెండంకెలు దాటలేదంటే అభిమానులకు ఆనందబాష్పాలే.

"ఎంత తిరిగింది?"

"అసలు తిరగలేదు."

"ఆహా!"

వేరే ఏ బండి గురించి ఇలా చెప్పినా, 'ఏం రోగం?' అని అడుగుతారు.

వేలానికి లారీ ఎక్కి వస్తుంది. పాట ముగిశాక లారీ ఎక్కే వెళ్తుంది. 276 గుర్రాలూ ఠీవిగా కూర్చుని ప్రయాణం చేస్తాయన్నమాట.

కొత్త యజమాని నడుపుతాడా? రామ రామ! మైలు తిరిగితే విలువ తరిగిపోదూ?

ఇక పాత కార్ల పోటీల్లో జడ్జీలు టార్చిలైటుతో బండి కిందికి దూరతారు. ఫ్యాక్టరీలో కార్మికుడు సుద్దముక్కతో గీసిన గీత ఉందా లేదా? అందుకే బండ్లు బాగుచేసేవాళ్లు ఆ గీతలు మళ్లీ గీస్తున్నారు. అప్పట్లో కారిన రంగును ఇప్పుడు పనిగట్టుకుని కారుస్తున్నారు.

అంతా అసలుదే అని తేలింది. ఒక్క అనుమానం మిగిలింది.

టైర్లలో గాలి 1987 నాటిదేనా, మధ్యలో ఎవరైనా కొట్టించారా?