కిలో నగలు, ఒక అట్టపెట్టె

మా ఊరు బందరు. బందరంటేనే రేవు. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఓడ దిగి కొట్టు తెరిచింది ఇక్కడే. కాబట్టి దిగుమతి వ్యాపారం మా ఊరి నీళ్ళలోనే ఉందని నేననుకోవడంలో తప్పులేదు. వచ్చిన చిక్కల్లా చిలకలపూడి కూడా ఈ ఊళ్ళోనే ఉండటం. రోల్డ్‌గోల్డ్ నగలంటే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆ పేరే. మా పెదనాన్న అక్కడ నలభై ఏళ్ళు రాగి తీగ లాగి, మలిచి, బంగారు పూత పూసి పిల్లల్ని చదివించాడు. ఆ ఇంటి ఆడపిల్లనై ఉండి నేను చైనా నుంచి చెవిదుద్దులు తెప్పించి వాట్సాప్‌లో అమ్ముదామనుకున్నాను. అన్నవరంలో కాపురముంటూ ప్రసాదం కొరియర్‌లో తెప్పించుకోవడమంటే ఇదే.

2023 వేసవిలో మొదలెట్టాను. అప్పుడే మా ఊళ్ళో కొత్త పోర్టు పనులు కూడా మొదలయ్యాయి. శకునం బాగుందనుకున్నాను.

ముందు ఐఈసీ అనే నంబరు కావాలన్నారు. అది లేకుండా వ్యాపారం కోసం గుండుసూది కూడా దిగుమతి చెయ్యకూడదట. 500 రూపాయలు కట్టి, రెండు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చుంటే నంబరొచ్చింది. చూస్తే అది నా పాన్ నంబరే. అయిదొందలు పుచ్చుకుని నా నంబరు నాకే ఇచ్చారన్నమాట. "పోనీలే, గుర్తుపెట్టుకునే శ్రమ తప్పింది" అన్నారు మా ఆయన. బ్యాంకులో పనిచేసే మనిషి, అలాంటివాటిల్లో ఆనందం వెతుక్కుంటారు.

సరుకు యీవూలో దొరుకుతుంది. చైనాలో చిల్లర సామాను టోకున అమ్మే మహా సంత అది, 75 వేల దుకాణాలుంటాయంటారు. నాకు దొరికిన దుకాణం పిల్ల నన్ను మొదటి మెసేజీ నుంచే 'డియర్' అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ అనని మాట. ఆ మాటకే అయిదు డిజైన్లు అదనంగా తీసుకున్నాను. బేరం 20 వేల రూపాయలకి తెగాక, "డియర్, గిఫ్ట్ అని రాసి, విలువ పది డాలర్లు వెయ్యనా?" అంది. నేను మటుకు అప్పటికే రూల్సు చదివి ఉన్నాను. గిఫ్టు పేరు చెప్పి పోస్టులోనో కొరియర్‌లోనో సుంకం లేకుండా తెప్పించుకునే వెసులుబాటు 2019 డిసెంబరులోనే పోయింది. ప్రాణాధారమైన మందులకీ, రాఖీకీ మాత్రం మినహాయింపు ఉంచారు. రాఖీతో పాటు వచ్చే కానుకలకి వర్తించదని పక్కనే బ్రాకెట్లో రాశారు కూడా. అది రాసినాయనకి విదేశంలో అక్కో చెల్లెలో ఉండి ఉండాలి. బావగారి మీద మాత్రం నమ్మకం లేదు.

"వద్దమ్మా, ఉన్నదున్నట్టు రాయి" అన్నాను. ఉన్నదున్నట్టు రాయమన్నందుకే మునిగానని తర్వాత తెలిసింది.

పెట్టె హైదరాబాద్‌లో విమానం దిగిన మర్నాడు క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ సరుకు ఎన్ని కిలోలు?"

"కిలోలేంటండీ, చెవిదుద్దులు. జతల్లో లెక్క."

"మీకు జతలు మేడమ్. కస్టమ్స్‌కి కిలోలు."

బంగారం పూత కూడా సరిగా లేని నగల్ని వంకాయల్లా కాటా వేస్తారని అప్పుడు తెలిసింది. విదేశీ నకిలీ నగలు మరీ తక్కువ ధర చూపించి వచ్చేస్తున్నాయని 2022 బడ్జెట్‌లో కిలోకి కనీసం 400 రూపాయల సుంకం పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని 25 శాతం లేదా కిలోకి 600, రెండింట్లో ఏది ఎక్కువైతే అది అని సవరించారు. ఇలాంటి సుంకాలు ఎవరికోసం? మా పెదనాన్నలాంటి వాళ్ళకోసం. అంటే ఆయన్ని నా బారి నుంచి కాపాడటానికి సర్కారు కాటా పట్టుకుని నిలబడింది.

లెక్క చూడండి. సరుకు 20 వేలు. విమానం ఛార్జీ నిజానికి 9 వేలు దాటింది గానీ, సుంకం లెక్కలో విమాన రవాణా ఖర్చుని సరుకు విలువలో 20 శాతం మించి కలపరు. నాలుగు వేలే కలిపారు. ఆ దయకి కళ్ళు చెమర్చాయి. ఇన్సూరెన్స్ కాగితం లేదంటే 1.125 శాతం, అంటే 225. మొత్తం 24,225. ఇందులో 25 శాతం 6,056 రూపాయలు. కిలోల లెక్కన? 15 కిలోలు, తొమ్మిది వేలు. ఏది ఎక్కువైతే అది. దాని మీద మళ్ళీ ఐజీఎస్టీ: సరుకు మీదా, కట్టిన సుంకం మీదా. పన్ను మీద పన్ను, పేలాల మీద మరమరాలు చల్లినట్టు.

ఈలోగా అడ్డుప్రశ్న ఒకటి వచ్చింది. ఇన్‌వాయిస్‌లో 'ఫ్యాషన్ ఐటమ్స్' అని ఉంది, అవేమిటో చెప్పాలన్నారు. నేను రెండు పేజీల ఉత్తరం రాశాను. శ్రావణమాసం, వరలక్ష్మీవ్రతం, ముందుగా డబ్బు కట్టిన నలభైమంది ఆడవాళ్ళు, మా అత్తగారి మోకాలి నొప్పి, అన్నీ పెట్టాను. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఏజెంటు అదంతా చదివి, ఓపిగ్గా పక్కనబెట్టి, 'మామూలు లోహంతో చేసిన చెవిదుద్దులు' అని ఒక్క ముక్క రాసి పంపాడు. సరిపోయింది.

అయినా పదకొండు రోజులు పట్టింది. నన్ను కాపాడింది పంచాంగం. ఆ ఏడు శ్రావణాలు రెండొచ్చాయి. జూలైలో వచ్చింది అధికం, వ్రతం నిజ శ్రావణంలో, ఆగస్టు 25న. కాబట్టి సరుకు వేళకి అందినట్టే. గోదాములో పెట్టుకున్నందుకు వేసే డెమరేజీకి మాత్రం అధికమాసం పట్టింపు లేదు. రోజూ పడింది.

పెట్టె ఇంటికొచ్చాక ఆనందంగా విప్పుతుంటే మా ఆయన ప్యాకింగ్ లిస్టు అందుకున్నారు. బ్యాంకు కళ్ళు.

"గ్రాస్ వెయిట్ 15. నెట్ వెయిట్ కూడా 15 అని వేసింది మీ డియర్. పెట్టెకి బరువు లేదా?"

వంటింటి కాటా తెచ్చి తూచాం. ఖాళీ పెట్టె, లోపలి స్పాంజి ముక్కలు, టేపూ కలిపి రెండున్నర కిలోలు. రెండున్నర ఆరువందలు పదిహేను వందలు. మీద పడ్డ పన్ను వదిలేసినా, అట్టపెట్టెకి నగల సుంకం కట్టిన ఆడది కృష్ణాజిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కట్టేముందు మీరు చూసుకోవాలి కదా మేడమ్ అన్నాడు ఏజెంటు. నిజమే. నేను డిజైన్లు చూసుకున్నాను.

ఆదివారం పెదనాన్న వచ్చాడు. దాచేద్దామనుకున్నాను గానీ మంచం మీదంతా దుద్దులే. ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. బొటనవేలి గోటితో వెనకవైపు గీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏమే అమ్మాయ్, ఎంత పడింది?"

చెప్పాను. సుంకం, డెమరేజీ, ఏజెంటు ఫీజు, అన్నీ కలిపి. ఆయన ఏమీ అనలేదు. అంతకు సగానికి తను ఇవ్వగలడని ఇద్దరికీ తెలుసు. దుద్దు అక్కడ పెట్టేసి గది చుట్టూ చూశాడు.

"పెట్టె మాత్రం గట్టిదే" అన్నాడు.

దుద్దులు అమ్ముడుపోయాయి, ముక్కుతూ మూలుగుతూ. పెట్టెని పారెయ్యబుద్ధి కాలేదు. అటక మీద పెట్టాను. కార్తీకంలో వానకి కప్పు కారి అది కాస్తా తడిసింది. ఇక లాభం లేదని పాత పేపర్లవాణ్ణి పిలిచాను. వాడు బుర్రూపుతూ కాటాకి తగిలించాడు.

"కిలో ఎనిమిది రూపాయలమ్మా."

"ఎనిమిదేంటయ్యా, అది దిగుమతి సరుకు. సుంకం కట్టి తెచ్చుకున్నాను."

వాడు పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తడిసింది కదమ్మా, అయిదే."