మనిషెరుక

బిడ్డా, నువ్వు ఫోను మీద వేలు ఆడించి డబ్బులు పంపుతావు, సంతోషం. నాకు మాత్రం 2018 ఎండాకాలం ఇంకా అరగలేదు. మే 10న హుజూరాబాదులో రైతుబంధు మొదలుపెట్టారు గదా, ఎకరానికి 4,000 లెక్కన మా మూడెకరాలకు 12,000 చెక్కు వచ్చింది. ఇచ్చింది సర్కారు, దాని మీద ఉన్నది నా పేరు. ఇంకేం కావాలి? బ్యాంకులో కౌంటరు దగ్గరి పిల్ల, నా మనవరాలి ఈడుది, తలెత్తకుండానే "తాతా, పాసుబుక్కు, ఆధార్ ఏవీ?" అంది. ఆ ఆధార్ ఫోటో చూస్తే నన్ను నేనే ఇంట్లోకి రానివ్వను. పైగా పాసుబుక్కులో ఇంటిపేరు నిండుగా ఉంది, కార్డులో ఒక్క పొడి అక్షరం. ఈ ఇద్దరూ ఒక్కరేనా అంటుంది. నేను ఎదురుగానే ఉన్నా గదమ్మా, నన్నడుగు అన్నా. మనిషి మాట చెల్లదట!

మా రోజుల్లో అయితేనా... పోచంపాడు కాలువ కింద మా అరెకరం పోతే నాయిన పేర నష్టపరిహారం చెక్కు వచ్చింది. పటేలు వెంట వచ్చి, చెక్కు వెనక సంతకం గీకి, "ఈయన నాకెరుకే" అన్నాడు. మేనేజరు తలూపాడు. అంతే. ఇత్తడి బిళ్ల చేతిలో పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాం. ఎవరి బర్రె ఈనింది, ఎవరింట్లో పంచాయితీ, అన్నీ అక్కడే తెలిసేవి. పొద్దుగూకేసరికి డబ్బూ వచ్చింది, మా అక్కకు సంబంధమూ కుదిరింది. మీ ఫోను కుదురుస్తుందా సంబంధం? కుదురుస్తుందని మనవడు అంటాడు. వాడి మాట వదిలెయ్.

ఆ ఎరుక ఊరికే రాలేదులే. పటేలుకు ఒక కోడిపుంజు, రెండు ముంతల కల్లు. అది మర్యాద అనుకున్నాం. అదే కాలువలో ఊరి చివర గుడిసెల వాళ్ల చెలకలూ పోయాయి. వాళ్ల ముఖాలు మాత్రం, వచ్చేదాంట్లో తన వాటా తేలేదాకా పటేలుకు గుర్తుకు రాలేదు. 1984లో ఎన్టీఆర్ ఆ పటేల్, పట్వారీ కొలువులు ఊడగొట్టినప్పుడు ఆ గుడిసెల్లో ఎవరూ ఏడ్వలేదు. ఈ ముచ్చట ఎత్తితే నాకు దగ్గొస్తుంది.

సరే, ఆ రోజు మళ్లీ బస్సెక్కి ఇంటికి పోయి, ఓటరు కార్డు తెచ్చి చూపించా. ఆ పిల్ల 12,000 లెక్కపెట్టి, పైసా తగ్గకుండా చేతిలో పెట్టింది. కోడి అడగలేదు, కల్లు అడగలేదు. అదీ కొంచెం అవమానంగానే తోచింది.

ఆ యాసంగి నుంచి చెక్కులే లేవు, డబ్బులు నేరుగా ఖాతాలోనే పడ్డాయి. నాకు బ్యాంకుకు పోయే పనే లేకుండా చేశారు. ఇక ఆ దొంగ ఫోటో ఒక్కటి మార్పించుకోవాలి. ఖాళీగా ఉంటే బండి తియ్యి బిడ్డా, ఆధార్ సెంటరుకు పోయొద్దాం.