కంది వేరు కొసన నేను

పేరు ఈ2ఎఫ్. ఊరు వికారాబాద్ జిల్లా తాండూరు పక్క నల్లరేగడి చేను. ఇల్లు కంది మొలక వేరు కొసలో ఒక కణం. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని ఊరంతా చెప్పుకుంది. ప్రోటీన్‌నైన నా గురించి ఎవరు చెప్పుకుంటారు?

మిరుగు వానకు విత్తనం తడిశాక పుట్టాను. డీపీ అనే జోడీ తోడైతేనే డీఎన్ఏ మీద నాకు కుదురు. మూడు 'టి'లు, మూడు 'సి'లు, ఒక 'జి', ఒక 'సి': జన్యువు మొదట్లో ఈ వరుస కనబడితే అక్కడ కూర్చుంటాం. కూర్చున్నామే గాని పని సాగలేదు. జన్యువును నిద్రలేపే నా చివరి భాగాన్ని ఆర్‌బీఆర్ అనే పెద్ద ప్రోటీన్ ఒడిసిపట్టింది.

"ఏందిరా గంత తొందర? చక్కెర ఇంకా రాలె" అంది.

చక్కెర, ఆక్సిన్ అందాకే సైక్లిన్-డి తయారవుతుంది. అది సీడీకే ఎంజైముతో కలిసి ఆర్‌బీఆర్‌కు ఫాస్ఫేట్లు అంటిస్తే పట్టు సడలుతుంది. అందాకా నాకు ఒళ్లు మంటే.

ఆర్‌బీఆర్‌కు మనుషుల్లో ఒక చుట్టం ఉంది, ఆర్‌బీ. ఆ జన్యువు రెండు ప్రతులూ చెడితే పసిపిల్లల కంటిలో రెటినోబ్లాస్టోమా కేన్సర్ పుట్టవచ్చు. మొక్కల్లో జెమినీవైరస్‌లు మరీ గడుసువి. పెసరకు పల్లాకు తెగులు తెచ్చే కుటుంబం అది. డీఎన్ఏకు నకలు తీసే సరంజామా వాటికి సొంతంగా లేదు. అందుకని వాటిలో కొన్ని, చీలడం మానేసిన కణంలో దూరి, ఆర్‌బీఆర్ మీదికి తమ ప్రోటీన్‌ను తోలి మావాళ్లను విడిపిస్తాయి. అట్లాంటి విడుదల నాకొద్దు.

చక్కెర వచ్చింది, పట్టు వదిలింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలోని బృందం 2011లో ఆశా రకం కంది జన్యుపటాన్ని ప్రకటించి, 48,680 జన్యువులుంటాయని లెక్కగట్టింది. అన్నింట్లో నేను కదిపేవి కొన్నే. పీసీఎన్ఏ జన్యువు వాటిలో ఒకటి. ఆ ప్రోటీన్ డీఎన్ఏ చుట్టూ గాజులా తొడుక్కుని, నకలు తీసే ఎంజైము జారిపోకుండా చూస్తుంది. కంది కణంలోని 22 క్రోమోజోములూ ఒక్కటి మిగలకుండా జంట పోగులయ్యాయి. ఆ తర్వాత కణాన్ని రెండుగా చీల్చే జన్యువులను చూసుకునేవి మిబ్ ప్రోటీన్లు. నా వంతు అయిపోయింది.

కొసకు కాస్త వెనకబడ్డ కణాలు చీలడం మాని పొడుగు సాగుతాయి. వేరు లోతుకు దిగేది ఆ సాగుడుతోనే, వాన మొహం చాటేసిన నెలలో చేనును నిలబెట్టేదీ ఆ లోతే. ఆ కణాల్లో ఆర్‌బీఆర్ మళ్లీ పట్టు బిగిస్తుంది. మావాళ్లు కిమ్మనరు.