11 నిమిషాల్లో బందరు

కాకినాడ నుంచి బందరుకు విమానంలో ఎంతసేపు? దూరాలు లెక్కగట్టే ఏ సైటునైనా అడగండి, తడుముకోకుండా చెబుతుంది: సుమారు 150 కిలోమీటర్లు, 11 నిమిషాలు. ప్రయాణికుల విమానం దిగే చోటు కాకినాడలో లేదు, బందరులోనూ లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ సోమలింగం పుట్టుక చిత్రం. రెండు ఊళ్ల మధ్య తిన్నగా ఓ గీత గీసి, దాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తారు. అంతే, ప్రయాణం ముగిసింది! ఆ 800 జెట్టు విమానం ముప్ఫై వేల అడుగుల పైకెక్కి నిలకడగా పోయేటప్పటి వేగం. అక్కడికి ఎక్కడానికే పావుగంటకు పైన పడుతుంది. ఈ లెక్కన సీటు బెల్టు దీపం ఆరకముందే బందరు దాటిపోతాం. హైదరాబాద్-విజయవాడ 250 కిలోమీటర్లకే విమాన సంస్థలు గంట దాకా రాసుకుంటాయి. పాపం, వాళ్లకు భాగహారం రాదు కాబోలు.

లేదు, ఎగిరి తీరాల్సిందే అంటారా? కారులో మధురపూడి వెళ్లాలి. గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే చేరాలి. అక్కణ్నుంచి శంషాబాద్, అక్కడ పడిగాపులు, ఇంకో విమానంలో గన్నవరం, మళ్లీ కారెక్కి గుడివాడ మీదుగా బందరు. గోదావరి నుంచి కృష్ణకు హైదరాబాద్ మీదుగా అన్నమాట.

ఆ గీతకు అడ్డంగా ఏముందో భాగించినవాడికి పట్టదు. గోదావరి ఉంది, అదీ ఒక్కటిగా కాదు. 216 జాతీయ రహదారి మీద వెళితే గౌతమిని యానాం-ఎదుర్లంక దగ్గర, వైనతేయను బోడసకుర్రు దగ్గర, వశిష్ఠను చించినాడ దగ్గర దాటాలి. ఆ వంతెనలు పడేదాకా రేవులో పంటు కోసం కాళ్లు పీక్కుపోయేలా నిలబడినవాళ్లు కోనసీమలో ఇప్పటికీ ఉన్నారు. కోటిపల్లి-నర్సాపురం రైలు మార్గం పనులైతే ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. అందుకే రైలు రాజమండ్రి, నిడదవోలు, భీమవరం చుట్టి వస్తుంది. రైల్వేవారికి ఇన్నేళ్లు పట్టిన నదిని ఈ కాకిలెక్క ఒక్క స్తంభమైనా వేయకుండా దాటేసింది!

ఉత్త సమాచారమే కదా, పోనిద్దురూ అంటారు కొందరు. ఎవరికి సమాచారం? బందరు పోయేవాడికి బస్సు ఎన్నింటికో కావాలి, చించినాడ దగ్గర ట్రాఫిక్ ఆగిందో లేదో కావాలి. అవి చెప్పాలంటే ఎవరో ఒకరు కనుక్కోవాలి. భాగహారానికి మనిషి అక్కర్లేదు. ఊళ్ల జాబితా ఇస్తే చాలు, ప్రతి జతకూ ఓ పేజీ, ప్రతి పేజీకీ నాలుగు ప్రకటనలు.

అన్నట్టు, అట్టడుగున ఇంకో సమాచారం కూడా ఇస్తారు: రెండు ఊళ్ల కాలమానాల్లో తేడా సున్నా గంటలు. హమ్మయ్య, బందరులో దిగాక గడియారం తిప్పుకునే పని లేదు.