రాయి పోయొచ్చింది, పిల్లోడు రాలేదు

ఇప్పుడు ప్రొద్దుటూరులో పెండ్లికి పోతే, బంతిలో పక్కన కూర్చున్న మనిషి మొదట అడిగేది ‘మీవాడు ఏ స్టేటు?’ అని. మా రోజుల్లో ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్లు. ఇప్పుడు టెక్సాసో న్యూజెర్సీయో చెప్తే మాట సాగుతుంది. మావాడు రాజంపేటలో మాస్టరు అన్నామా, ఆ పెద్దమనిషి పప్పు వడ్డించేవాడి వైపు తిరిగిపోతాడు.

2023–24లో అమెరికా కాలేజీల్లో మన దేశం పిల్లలు 3,31,602 మంది. చైనాను దాటేసినారని పేపర్లవాళ్లు పండగ చేసుకున్నారు. అటునుంచి ఇటు ఎంతమందో కూడా చూడండి. 2021–22లో మన దేశమంతటికీ చదువుకు వచ్చిన పరదేశం పిల్లలు 46,878 మంది. అందులో నేపాల్‌వాళ్లే నాలుగో వంతు పైన. దీనికి విద్యార్థుల మార్పిడి అని పేరు పెట్టి సభలు చేస్తారు. మా ప్రొద్దుటూరు బంగారంగళ్లలో పాత నగ ఇచ్చి కొత్త నగ తీసుకుంటే మార్పిడి. నగ ఇచ్చేసి వట్టి చేతులతో ఇంటికొస్తే ఏమంటారో ఆ అంగడాయన్నే అడగాల. నగ మాటా ఉత్తది కాదులే, ఫీజుకని తాకట్టు పోయేది తల్లి మెళ్లోదే.

మా రోజుల్లో పోయేది పిల్లోళ్లు కాదు, పంతుళ్లు. మన దేశంతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950లో, కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పులు 1959లో వచ్చినాయి. కాలేజీకంతా ఒకరికి దొరికితే అదే గొప్ప. పోయినాయన ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చి మళ్లీ అదే బోర్డు ముందర నిలబడేవాడు. మా జియాలజీ సారు అట్ల పోయొచ్చినాయనే. పోకముందు నోట్సు చదివి రాయించేవాడు. వచ్చినాక తలా ఒక సుత్తి చేతికిచ్చి, అందరికీ కలిపి ఒక లెన్సిచ్చి, వేంపల్లె గుట్టల మీదికి తోలినాడు. ఎండలో సున్నపురాయి మీద పొరపొరలుగా, గుండ్రంగా ఉన్న గీతలు చూపించి, “ఇవి ఏందో మీరే చెప్పండ్రా” అన్నాడు. ఒకడు నీటి సుడులన్నాడు, ఒకడు చెట్టు మొద్దు రాయైందన్నాడు. అవి ఎప్పుడో సముద్రంలో పాచి పేరుకున్న ఆనవాళ్లని చివర్న చెప్పినాడు. అదెట్ల సార్ అని గుచ్చి గుచ్చి అడిగితే, “నాకూ పూర్తిగా తెలీదు, వెతుకుదాం పా” అన్నాడు. ఒక పంతులు నోట ‘తెలీదు’ అనే మాట మేం వినడం అదే మొదలు. పరదేశం పోయి ఆయన తెచ్చింది అది. సూటుకేసు నిండా సెంటు సీసాలు తేలేదు.

వచ్చేవాళ్లూ ఉండిరి. 1820లో సి.పి. బ్రౌన్ దొర కడపకొచ్చినాడు. పుణ్యానికేం రాలేదు, కంపెనీ కొలువు మీద వచ్చినాడు. అయినా బంగళా కొని, సొంత జీతంలోంచి ఖర్చుపెట్టి, పండితులను కూర్చోబెట్టి తాటాకు ప్రతులన్నీ సరిచూపించినాడు. జనం ఆ బంగళాను కాలేజీ అనేవాళ్లు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కినాయి, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆ మనిషి ముసలితనంలో లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసరైనాడు. కడప పండితుల దగ్గర నేర్చినది పోయి లండన్‌లో చెప్పినాడు, అదీ మార్పిడంటే.

ఇప్పుడూ మావి పోతున్నాయి, వస్తున్నాయి. మనుషులు కాదు, రాళ్లు. పులివెందుల దగ్గర పాత రాతి పొరల మధ్యలోకి కరిగిన శిలాద్రవం చొరబడి గట్టిపడిన నల్లరాయి ఉంది. ఆ రాయి కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ దాకా పోయింది. అందులోని సన్నటి ఖనిజపు రవ్వల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి, దాని వయసు సుమారు 188 కోట్ల 50 లక్షల ఏళ్లని తేల్చినారు. 2008లో అచ్చైన ఆ పేపర్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఆచార్యుడి పేరుంది. కెనడా, కాశీ కలిస్తే మా రాయికి వయసు తెలిసింది. మా పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2006లో వచ్చింది, కడపలో యోగి వేమన యూనివర్సిటీ అదే ఏడాది, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో. ఇంతమంది పిల్లోళ్లలో ఒకడన్నా ఆ రాయెంబడి పోయి, ఆ వయసు కొలిచే మిషను ముందర కూర్చుని, లెక్కకట్టడం నేర్చుకుని వెనక్కొస్తే ఎట్లుండునో!

పోవద్దని నేననడం లేదు. మా రోజుల్లో ఆడపిల్లను అనంతపురం హాస్టల్‌కు పంపాలంటేనే ఇంట్లో పెద్ద పంచాయితీ. ఇప్పుడు జమ్మలమడుగు పిల్ల ఒక్కతే విమానమెక్కి పోతాంది. ఇది మాత్రం బాగుంది, ఒప్పుకోక చస్తామా. నా ఏడుపంతా రాకడ గురించే. కేంద్రంవాళ్లు 2015లో ‘జ్ఞాన్’ అని పథకం పెట్టి పరదేశం ప్రొఫెసర్లను పిలిపించినారు. వాళ్లు ఎక్కువగా ఐఐటీల్లాంటి పెద్ద సంస్థల్లో దిగి, వారమో రెండు వారాలో పాఠం చెప్పి పోతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 1998 నుంచి పరదేశం పిల్లలు ఒకట్రెండు సెమిస్టర్లు చదవడానికి వస్తూనే ఉన్నారు. యూజీసీ 2022లో ఇక్కడ కొంత, అక్కడ కొంత చదివి డిగ్రీ తీసుకునేట్టు రూళ్లు కూడా రాసింది. రూళ్లకేం కరువు?

మొన్న మా పక్క కాలేజీ ఒకదానికి పోతి. ప్రిన్సిపాల్ గదిలో ఫ్రేము కట్టిన ఒప్పందాలు వరసగా వేలాడుతున్నాయి. బంగారు రంగు అంచు, కింద రెండు సంతకాలు, రెండు జెండాలు. ఈ ఒప్పందం మీద ఎవరైనా వచ్చినారా నాయనా అంటే, ఆన్‌లైన్‌లో గంటసేపు మాట్లాడినారు సార్, ఫొటో ఉంది చూడండన్నాడు. మన పిల్లలెవరైనా పోయినారా అంటే, సొంత ఖర్చుతో పోవచ్చు సార్ అన్నాడు.

“డిసెంబరులో చలి బాగుంటుంది, అక్కణ్నుంచి పదిమంది పిల్లోళ్లను, ఒక సారును పిలువు. గండికోట, వేంపల్లె గుట్టలు నేను తిప్పుతా. మన పిల్లోళ్లు వాళ్లతో కలిసి రాళ్లు కొడతారు, భయం పోతుంది” అన్నా.

ఆయన కొంచెం సేపు ఫ్యాను వైపు చూసి, “హాస్టల్లో బాత్‌రూములు వాళ్లకు సరిపోవు సార్” అన్నాడు.

మన పిల్లోళ్లకు సరిపోతాయా అని అడిగితే, టీ తాగి పొమ్మన్నాడు.