రెండాకులు తీసెయ్యమ్మా

మా బావమరిది బాగలూరు పక్కన పాలీహౌసులో రోజాలు పెంచుతాడు, అంటు మొక్కలు అమ్ముతాడు. పూల ధర బెంగళూరు మార్కెట్టు చెబుతుంది కాబట్టి అక్కడ వాడి నోరు లేవదు. మొక్కల ధర మాత్రం వాడే చెబుతాడు. ఆ చెప్పేదేదో బ్రోచరు వేసి చెబుతానన్నాడు. ఇంట్లో పేపరు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కనుక నన్ను వెంటబెట్టుకుని హోసూరులో ఒక డీటీపీ సెంటరుకు పోయాడు.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది తమిళనాడు, 2004లో ధర్మపురిని చీల్చి చేసిన కృష్ణగిరి జిల్లా. ఇంట్లో తెలుగు, తాలూకాఫీసులో తమిళం, మాలూరు బస్సెక్కితే కన్నడం. మొక్కలు కొనేవాళ్లూ అట్లే: కృష్ణగిరి నుంచి ఒకరు, మాలూరు నుంచి ఒకరు, కుప్పం నుంచి ఒకరు. బ్రోచరు మూడు భాషల్లో ఉండి తీరాలి.

డీటీపీ అమ్మాయి తమిళమ్మాయి, చురుకైనది. మేం కూర్చునే లోపలే ఒక బొమ్మ తయారు చేసింది. నిలువు కాడ మీద ఎర్ర రోజా, కాడకు అటొకటి ఇటొకటి ఆకులు, వెనక కొండల మీద పొద్దు పొడుస్తోంది.

"రెండాకులు తీసెయ్యమ్మా," అన్నాడు మా వాడు. "అది అన్నా డీఎంకే."

తీసేసింది. వెనకాల ఉదయసూర్యుడు మిగిలాడు. అది డీఎంకే. సూర్యుణ్ణి కూడా దించి, రోజాను ఒక చేతికి ఇచ్చింది. చెయ్యి కాంగ్రెసు. మూలన మామిడికాయ పెడదామంది, కృష్ణగిరి అంటేనే మామిడి కదా అని. మామిడి పీఎంకే. కంప్యూటరులో ఇంకో పువ్వుంది అంది. చూస్తే తామర. మేం మాట్లాడలేదు.

ఆకుల సమస్యకు చివరికి మా వాడే దారి చూపించాడు. రోజా ఆకును దగ్గరగా చూస్తే ఒక్కో ఈనెకు మామూలుగా ఐదు చిన్నాకులుంటాయి, కొసన ఒకటి, పక్కల రెండేసి. "ఐదు పెట్టు. ఉండేదే ఐదు. ఐదాకుల పార్టీ ఇంకా పుట్టలేదు," అన్నాడు.

తరువాత రంగులు. పైన పసుపు, కింద ఎరుపు వేస్తే కన్నడ జెండా. మాలూరులో మర్యాదే, హోసూరులో సంజాయిషీ చెప్పుకోవాలి. పైన నలుపు, కింద ఎరుపు మళ్లీ డీఎంకే. ఉత్త పసుపు వేస్తే కుప్పం ఉంది. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గెలుస్తున్న చోటు. సగం ఊరు కాగితాన్ని కళ్లకద్దుకుంటుంది, మిగతా సగం చెయ్యే చాపదు. నీలం, ఆకుపచ్చ కలిపితే ఆ సగం చాపుతుంది, ఈ సగం ముడుచుకుంటుంది. పోనీ రోజాకు రోజా రంగే వేద్దాం అంటే, గులాబీ హైదరాబాదులో ఒక పార్టీది. "అంత దూరంనుంచి మొక్కలకు ఎవరొస్తారు బావా," అని మా వాడు ధైర్యం చెప్పాడు.

రంగు పేరు తేలింది కానీ రంగు తేలలేదు. తెర మీద వెలుతురుతో మెరిసే ఎరుపు, కాగితం మీదికి వచ్చేసరికి సిరా. ప్రెస్సులో ఉండేవి నాలుగే సిరాలు: సయాను, మెజెంటా, పసుపు, నలుపు. మెజెంటా, పసుపు నిండుగా కలిపితే ఎరుపు. ఆ మెజెంటా కూడా సాధువేం కాదు. 1859లో ఇటలీలో మెజెంటా అనే ఊరి దగ్గర పెద్ద యుద్ధం జరిగితే, కొత్తగా పుట్టిన అద్దకం రంగుకు దాని పేరు తగిలించారు. పార్టీ గొడవ లేని రంగు వెతుక్కుంటూ పోయి ఏకంగా యుద్ధంలో పడ్డాం.

ఈ సిద్ధాంతాలు మా వాడికి పట్టవు. పొద్దున్నే కోసిన తాజ్‌మహల్ రకం రోజా ఒకటి తెచ్చి తెరకు ఆనించి పెట్టి, "ఇదే రంగు రావాల," అన్నాడు. ఆ అమ్మాయి అంకెలు పెంచీ తగ్గించీ పట్టుకుంది. మధ్యాహ్నం తరువాత నమూనా కాగితం చేతికొచ్చింది. పక్కన పెట్టి చూస్తే కలవలేదు. తప్పు కాగితానిది కాదు, పువ్వుది. ఎర్ర రోజా వాడేకొద్దీ రేకుల్లోని రసం పులుపు తగ్గి, ఎరుపు నీలం వైపు తిరుగుతుంది. మా వాడికి ఇది నాకంటే బాగా తెలుసు, రోజూ మార్కెట్టులో దీనికే ధర కోస్తారు. అయినా కాగితాన్నే తిట్టాడు. రైతు తన పువ్వును నలుగురిలో తక్కువ చెయ్యడు.

అక్షరాల దగ్గర నాకు పెద్దరికం దొరికింది. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా వదిలిన ఫాంటుల్లో శ్రీకృష్ణదేవరాయలున్నాడు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుడు ఉన్నారు. భువనవిజయం అంతా ఆ కంప్యూటరులో కొలువు తీరి, ఎరువుల పట్టిక రాయడానికి పిలుపు కోసం కాచుకుని ఉంది. రామకృష్ణుడి అక్షరాల్లో ధర వేస్తే ఎవరు నమ్ముతారు? తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంటులు కూడా ఉన్నాయి. రాజుకే అంకితం ఇయ్యనన్న పోతన చేత "పది కొంటే ఒకటి ఉచితం" అనిపించడానికి నాకు చేతులు రాలేదు. వేమన అయితే ఉన్నమాట మొహాన చెబుతాడు. "అప్పు లేదు" అన్న వాక్యం ఆయనకిచ్చాం.

వరుసల మధ్య ఎడం తమిళం కొలతతో పెట్టింది ఆ అమ్మాయి. తమిళానికి కింద వత్తులుండవు, ఇరుకులోనైనా సర్దుకుంటుంది. మన పై వరుస వత్తులు దిగివచ్చి కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. అది చాలదని "పువ్వు" విడిపోయి "పువ్‌ వు" అయింది. "అళగా ఇరుక్కు అన్నా," అంది ఆమె. అందంగానే ఉంది, కాదనను, చదవడమే కుదరదు. సాఫ్ట్‌వేరులో మన భాషలకని వేరే అమరిక ఉంటుంది, అది మార్చాక వత్తు తన చోటికి పోయింది. ఈలోపు తెలుగు పేరా కన్నడం శీర్షిక కిందికి చేరింది. ఆ లిపులు అక్కచెల్లెళ్లు, ఆమెను అనడానికి లేదు. తలకట్టు చూపించి, "ఇట్ల టిక్కు కొట్టినట్లుంటే తెలుగు," అని చెప్పాను.

ఇక ఏ భాష ముందు? అంగడి బోర్డయితే తమిళనాడులో తమిళం ముందు, పెద్దగా. సరిహద్దు దాటితే 2024 చట్టం ప్రకారం నూటికి 60 పాళ్లు కన్నడం. బ్రోచరుకు చట్టం లేదు. చట్టం లేని చోట బంధువులుంటారు. మా అత్త తెలుగన్నది, మాలూరులో ఇచ్చిన మరదలు కన్నడమన్నది.

తీర్పు మడతలో దొరికింది. కాగితాన్ని మూడు పలకలుగా మడిస్తే నడిమి పలక ఎప్పుడూ బయటే ఉంటుంది. కుడి రెక్కను ముందు లోపలికి మడిస్తే ఎడమది పైకొస్తుంది, ఎడమది ముందు మడిస్తే కుడిది పైకొస్తుంది. నడుమ తమిళం, ఎడమ తెలుగు, కుడి కన్నడం. ఎటు మడిచినా రాష్ట్రభాషకు లోటు రాదు, మిగతా ఇద్దరిలో ఒకరు ముఖం చూపిస్తారు, ఒకరు లోపల దాక్కుంటారు.

ప్రెస్సులో మడతలు పెట్టే ఆమె, అటు ఎన్ని ఇటు ఎన్ని అని అడిగింది. సగం సగం అనబోయాను. మా వాడు అడ్డం వచ్చాడు.

"మాలూరోళ్లు రొక్కం కట్టి మొక్క ఎత్తుకుపోతారు బావా. కుప్పంలో అంతా మన చుట్టాలే. కన్నడం ఎక్కువ మడుచు అక్కా."