నోరు కట్టుకున్న చేప, నోరు మూయని బావగారు

ఉప్పునీటి చేపలు పెంచే మనిషిని గుర్తుపట్టాలంటే కరెంటు పోయినప్పుడు చూడాలి. అందరూ ఫ్యాను వంక చూస్తే, ఈయన హాల్లోకి పరుగెత్తి పంపు ఆడుతోందో లేదో చెవిపెట్టి వింటాడు. మా బావగారింట్లో ఇన్వర్టరు మీద మొదటి హక్కు అక్వేరియానిది. హైదరాబాదు ఎండల్లో కూడా నీళ్ళు 26 డిగ్రీలు దాటకూడదు గనక ఏసీ హాల్లోనే బిగించారు. పడగ్గదిలో అక్క విసనకర్రతో పడుకుంటుంది.

మంచినీటి చేపలవాళ్ళంటే ఈ వర్గానికి మహా లోకువ. గోల్డ్‌ఫిష్ పెంచేవాణ్ణి చూసి జాలిగా తలూపుతారు. వీళ్ళ ఉప్పు వంటింటి ఉప్పు కాదు. బకెట్లలో వచ్చే లవణాల మిశ్రమాన్ని ఆర్వో నీళ్ళలో కలిపి, సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టాలి. విశాఖ నుంచి మా చిన్నాన్న అభిమానం కొద్దీ రెండు క్యాన్ల నిండా సముద్రాన్ని మోసుకొస్తే, ఒడ్డు దగ్గరి నీళ్ళలో ఏమేం కలుస్తాయో బావగారు ఆయనకి భోజనాల వేళ దాకా వివరించారు. ఆ క్యాన్లు ఇంకా బాల్కనీలోనే ఉన్నాయి. పారబోస్తే చిన్నాన్న ఊరుకోడు, ట్యాంకులో పోస్తే బావగారు ఊరుకోరు.

ఇంత హడావిడీ బాంగై కార్డినల్ అనే చేప కోసం. ఎనిమిది సెంటీమీటర్లుంటుంది. వెండి ఒళ్ళు, నల్లటి నిలువు పట్టెలు, తెల్లటి చుక్కలు. సొంత ఊరు ఇండోనేషియాలో సులవేసి పక్కనున్న బాంగై దీవులు. శాస్త్రవేత్తలు 1933లోనే పేరు పెట్టినా, 1990ల దాకా దాని ఊసెత్తినవాళ్ళు లేరు. ఎత్తాక మాత్రం అక్వేరియాల కోసం లక్షల్లో పట్టేశారు. 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. "అందుకే ఇంట్లో పిల్లల్ని చేయించాలోయ్, సముద్రం మీద పడకూడదు" అంటారు బావగారు. న్యాయమైన మాటే. వచ్చినవాళ్ళందరికీ కాఫీ కంటే ముందు అదే ఇవ్వడం ఒక్కటే ఇబ్బంది.

ఈ చేపల్లో ఆడా మగా చూపుకి తేలరు. అందుకని కొన్ని పిల్లల్ని తెచ్చి వదిలి, వాటిలో అవే జత కుదుర్చుకునేదాకా ఆగాలి. కుదిరిన జంట తక్కినవాటిని మూలకి తరిమి కొడుతుంది, వాటిని వెంటనే వేరు చేయాలి. ఆడది గుడ్లు పెట్టగానే మగది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. ఒక్కో గుడ్డూ మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అలాంటివి నలభై యాభై. పొదగడానికి సుమారు ఇరవై రోజులు. పొదిగాక కూడా మరో వారం పది రోజులు పిల్లలు నాన్న నోట్లోనే ఉంటారు. అన్నాళ్ళూ ఆ తండ్రికి తిండి లేదు.

ఆ చేప నోరు కట్టుకున్న నాటి నుంచీ బావగారి నోటికి అడ్డూ ఆపూ ఉండదు. లిఫ్టులో, పాలవాడితో, పెళ్ళిపందిట్లో అదే కథ. "దవడ చూడు, ఎంత ఉబ్బిందో! త్యాగమంటే అది!" అని గొంతు పూడుకుపోతుంది.

"మనవాడు పుట్టినప్పుడు ఈయన గుంటూరులో క్రికెట్ మ్యాచ్ చూస్తున్నారు" అంటుంది అక్క, కూర తరుగుతూ.

కొత్త తండ్రులు కంగారుపడి గుడ్లు మింగేయడం మామూలే. మొదటి కాన్పు అలాగే పోయింది. బావగారు గడ్డం గీసుకోలేదు. పరామర్శకి మాత్రం ఎవరూ రాలేదు.

రెండోసారి పకడ్బందీగా దిగారు. పిల్లల్ని వదిలే ముందే తండ్రిని వేరే ట్యాంకుకి మార్చాలి, లేకపోతే తక్కిన చేపలు ఒక్కదాన్నీ మిగల్చవు. వలతో పడితే బెదిరి నోట్లోవి ఉమ్మేస్తుంది గనక, నీళ్ళలోనే డబ్బాలోకి మళ్ళించి నీళ్ళతో సహా ఎత్తాలి. ఎత్తేటప్పుడు ఇంట్లో ఎవరూ తుమ్మకూడదని ఆర్డరు. పిల్లలు కొట్టుకుపోకుండా ఫిల్టరు మూతికి స్పాంజి కట్టారు. సముద్రంలో ఈ పిల్లలు సీ అర్చిన్ నల్లటి ముళ్ళ మధ్య దాక్కుంటాయి. బావగారు కొడుకు ప్లాస్టిక్ బంతికి బెజ్జాలు పొడిచి, నల్లటి కేబుల్ టైలు గుచ్చి, ఓ దొంగ అర్చిన్‌ని తయారుచేశారు. పిల్లలు నిజంగానే నమ్మి అందులో దూరాయి. ఇంట్లో ఆయన మాట నమ్మింది వాళ్ళొక్కరే.

వాటికి తిండి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి పురుగులు. తలకిందులు చేసిన కూల్‌డ్రింక్ సీసాలో ఉప్పునీళ్ళు పోసి, వాటి గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టి, దీపం వెలిగిస్తే ఒక రోజులో పొదుగుతాయి. ఉత్త ఆర్టీమియా పెడితే చాలదు. పైకి కులాసాగా ఉన్న పిల్లలు ఉన్నట్టుండి బెదిరి చచ్చిపోతాయి. అందుకని ఆర్టీమియాకి ముందు నూనెమందు పట్టించాలి. అంటే చేపపిల్ల తినబోయే పురుక్కి కూడా పథ్యం. ఈ వైభవమంతా వంటింటి గట్టు మీద, ఆవకాయ జాడీ పక్కన.

ఇంత ప్రేమ ఉన్న మనిషి చేపల పులుసు మానేశారనుకునేరు. ఆదివారం కొరమీను ఉండాల్సిందే. కాకపోతే ట్యాంకు మీద దుప్పటి కప్పించి, అటు వీపు పెట్టి తింటారు.

పిల్లలు ఎదిగాక పంపకాలు మొదలయ్యాయి. అడిగినవాళ్ళని ట్యాంకెంత, ఇంట్లో ఇన్వర్టరుందా, మీరు ఊళ్ళెక్కువ తిరుగుతారా అని ఆరా తీశారు. మా మేనకోడలి సంబంధానికి ఇంత వాకబు చేయలేదు. నాకూ రెండిస్తానన్నారు. మా ఇంటివైపు నీళ్ళు రావడం లేదని చెప్పి తప్పించుకున్నాను.

ఈమధ్య తిరుపతి టిక్కెట్లు తీసిన వారంలోనే మగచేప మళ్ళీ నోరు మూసింది. ప్రయాణం వాయిదా అన్నారు బావగారు. ఇంతకుముందు కాన్పుకి అలాగే ఆగిన అక్క ఈసారి పెట్టె సర్దేసుకుంది.

"మీరుండండి. నేనూ పిల్లలూ వెళ్ళొస్తాం."

"సరే వెళ్ళు. ఆ ఆర్టీమియా సీసా కాస్త కడిగిచ్చి వెళ్ళు."